పాలిపోయిన ఎనిమోన్ కోలుకోవాలంటే

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నాలుగు నెలల కిందట 40 గ్యాలన్ల రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) పెట్టుకున్నాం. అందులో రెండు ఒసెల్లారిస్ క్లౌన్ చేపలు, కొన్ని జోయాలు, ఒక లెదర్ కోరల్ (రెండూ పగడాల్లాంటి మెత్తటి జీవులు), నత్తలు ఉన్నాయి. మా పాప ముచ్చటపడిందని మూడు వారాల కిందట రోజ్ బబుల్ టిప్ ఎనిమోన్ (రాయిని పట్టుకుని పువ్వులా విచ్చుకునే సముద్రజీవి) ఒకటి తెచ్చాం. మొదటి రెండు రోజులు చక్కగా విచ్చుకుంది. తర్వాత గోధుమరంగు తీగల్లాంటిదేదో కక్కింది. అప్పటినుంచి రంగు పోతూ ఇప్పుడు దాదాపు తెల్లగా అయింది. సగం రోజు ముడుచుకునే ఉంటుంది. నోరు కొంచెం తెరుచుకుని కనిపిస్తుంది. ఇప్పటికి రెండుసార్లు చోటు మార్చింది. బలం వస్తుందని రోజూ రొయ్య ముక్క పెడుతున్నాను, సాయంత్రానికి కక్కేస్తోంది. చేపలు మాత్రం దాన్ని ఒక్క నిమిషం వదలవు. ఎల్‌ఈడీ లైట్ ఫుల్‌లో పెట్టాం. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా చూపిస్తున్నాయి. ఒక స్నేహితుడు యాంటీబయాటిక్ వేయమంటున్నాడు, ఇంకొకరు మిగతావి చావకముందే దీన్ని తీసి పారేయమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఇది బతుకుతుందా?
— ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

సమాధానం:

బతికే అవకాశం బాగానే ఉందమ్మా. మీ ఉత్తరంలో నాకు ధైర్యం కలిగించిన మాట, అది రెండుసార్లు చోటు మార్చిందన్నది. చావుకి దగ్గరపడ్డ ఎనిమోన్‌కి రాయిని పట్టుకునే శక్తి ఉండదు. పట్టు వదిలేసి, నీళ్ళు ఎటు తోస్తే అటు దొర్లిపోతుంది. మీది కొత్తచోటికి పాకి, మళ్ళీ పాదం ఆనించి నిలబడింది. ఉన్నచోట ఏదో దానికి పడలేదు, దాన్నుంచి తప్పుకునే ఓపిక ఇంకా ఉంది. కాబట్టి తీసి పారేయొద్దు. యాంటీబయాటిక్ కూడా ఇప్పుడే వద్దు, దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు దానికి ఏమైందో చూద్దాం. చేయాల్సిన పనులన్నీ అందులోంచే తేలతాయి.

మీ దగ్గరున్నది ఎంటాక్మియా క్వాడ్రికలర్ అనే జాతి. ఎర్రసముద్రం నుంచి పసిఫిక్ దీవుల దాకా, వెచ్చటి నీళ్ళలో, పగడపు దిబ్బల సందుల్లో పాదం దూర్చుకుని బతుకుతుంది. దాని ఒంటి కణాల లోపల జూజాంథెల్లే అనే నాచు కణాలు కాపురం ఉంటాయి, మామూలు కంటికి కనపడనంత చిన్నవి. వెలుతురుతో అవి చక్కెరలు తయారుచేసుకుని అందులో పెద్ద వాటా ఎనిమోన్‌కి ఇస్తాయి. బదులుగా ఎనిమోన్ వాటికి చోటు ఇస్తుంది, తన ఒంట్లో తయారయ్యే అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఎనిమోన్‌లో కనిపించే గోధుమ ఛాయ ఈ నాచుదే. గులాబీ, ఎరుపు రంగులు మాత్రం ఎనిమోన్ సొంతం.

వెలుతురు ఒక్కసారిగా పెరిగినా, నీళ్ళు బాగా వేడెక్కినా ఈ నాచు కణాలు తట్టుకోలేవు. వాటిలో ఆక్సిజన్‌తో ముడిపడిన హానికర పదార్థాలు పుడతాయి. ఎనిమోన్ తనని తాను కాపాడుకోవడానికి వాటిని బయటికి తోసేస్తుంది. మీరు చూసిన గోధుమరంగు తీగలు దాదాపుగా అవే. ఎండలు మండిన ఏడాది సముద్రంలో పగడాలు తెల్లబడ్డాయని వార్తల్లో వింటుంటాం కదా, ఆ బ్లీచింగే మీ హాల్లో చిన్న ఎత్తున జరిగింది.

మీ ట్యాంకులో దీనికి రెండు కారణాలు నాకు కనిపిస్తున్నాయి. మొదటిది లైట్. చాలా షాపుల్లో ఎనిమోన్‌లని ఉంచే ట్యాంకుల్లో వెలుతురు తక్కువ. అక్కడినుంచి తెచ్చి ఫుల్‌లో ఉన్న ఎల్‌ఈడీ కింద పెడితే తట్టుకోవడం కష్టం. రెండోది, మీరు మంచిదనుకుంటున్న ఆ సున్నాలు. నాచుకి నత్రజని, భాస్వరం కావాలి. నీళ్ళలో నైట్రేట్, ఫాస్ఫేట్ బొత్తిగా లేకపోతే నాచు ముందే నీరసించి ఉంటుంది, అలాంటిది లైట్ దెబ్బకి ఇంకా త్వరగా పడిపోతుంది. పైగా ట్యాంకు వయసు నాలుగు నెలలే. ఎనిమోన్ తేవాలంటే కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది ఆగమని అనుభవం ఉన్నవాళ్ళు చెప్పేది ఇందుకే. కొత్త ట్యాంకులో ఈ అంకెలు ఒకచోట నిలవవు. వయసుని ఇప్పుడు మనం పెంచలేం కాబట్టి, ఆ నిలకడని మీరే కష్టపడి తీసుకురావాలి.

ఇక పనుల్లోకి వద్దాం.

ఇవాళే లైట్ తగ్గించండి. తెల్లబడిన ఎనిమోన్‌ని చూసి చాలామంది లైట్ చాల్లేదేమో అనుకుని ఇంకా పెంచుతారు. అది ఉన్న కాసిని నాచు కణాల్ని కూడా పోగొట్టే పని. మీ లైట్ ఏ కంపెనీదైనా, ఇప్పుడున్న ఫుల్ నుంచి సుమారు 40 శాతానికి దించండి. తెలుపు, ఎరుపు చానెళ్ళు ఇంకా తగ్గించి నీలం ఎక్కువ ఉంచండి. రోజుకి 8 గంటలు చాలు. వారం పాటు అలాగే ఉంచి, తర్వాత వారానికి 5 శాతం చొప్పున పెంచుకుంటూ వెళ్ళండి. రీఫ్ క్లబ్బుల్లో, కొన్ని షాపుల్లో పార్ మీటర్ (నాచు వాడుకునే వెలుతురుని కొలిచేది) అద్దెకి దొరుకుతుంది, ఒక్కరోజు తెచ్చుకుంటే ఈ ఊహాగానాలన్నీ తప్పుతాయి. ఇప్పుడు ఎనిమోన్ ఉన్నచోట 100 దగ్గర ఉంటే మంచిది. పూర్తిగా కోలుకున్నాక 150 నుంచి 250 మధ్య హాయిగా ఉంటుంది. ఈలోగా అది రాయి నీడలోకి పాకిపోతే వెనక్కి లాక్కురావద్దు. ఎంత వెలుతురు కావాలో దానికి తెలుసు. మెల్లగా మళ్ళీ పైకి వస్తుంది.

రోజూ రొయ్య పెట్టడం కూడా ఇవాళ్టి నుంచి ఆపండి. ఇది మీకు మనసుకి కష్టంగా ఉంటుందని తెలుసు, ఎందుకంటే మీరు ప్రేమతోనే పెడుతున్నారు. కానీ ఎనిమోన్‌కి తినడానికీ, విసర్జించడానికీ ఉన్నది ఒకటే రంధ్రం. అరిగించుకోలేని ముక్క లోపల గంటలతరబడి ఉండి కుళ్ళడం మొదలవుతుంది. దాన్ని బయటికి తోయడానికి ఒంట్లో నీరంతా వదిలి ముడుచుకోవాలి. మీరు చెప్పిన సగం రోజు ముడుచుకుపోవడం వెనక రోజూ పెట్టే ఈ రొయ్య కూడా ఒక కారణం అయ్యుండొచ్చు. ఐదారు రోజులు ఏమీ పెట్టకండి. ఎనిమోన్ ఆ మాత్రం ఆకలికి చచ్చిపోదు.

ఆ విరామం తర్వాత మాత్రం తిండి పెట్టాలి, అది చాలా ముఖ్యం. నాచు పోయింది కాబట్టి చక్కెరలు ఇచ్చేవాళ్ళు లేరు, నోటితో తిన్నదే ఆధారం. జ్వరం నుంచి లేచినవాళ్ళకి గంజితో మొదలుపెడతాం చూడండి, ఇక్కడా అదే పద్ధతి. ఫ్రోజెన్ మైసిస్ (రొయ్యల్లాంటి బుల్లి జీవులు) మూడు నాలుగు తీసుకుని ట్యాంకు నీళ్ళలోనే కరిగించండి. పంపులు పదిహేను నిమిషాలు ఆపి, పైపెట్‌తో టెంటకిల్స్ (దాని చేతుల్లాంటి మీసాలు) మీద మెల్లగా వదలండి. నోట్లో కుక్కొద్దు. టెంటకిల్స్ జిగురుగా అంటుకుని, ముక్కని పట్టుకుని, నోటివైపు వంగితే సంతోషించాల్సిన విషయం. అంటుకోకుండా జారిపోతే ఆ మైసిస్‌ని పైపెట్‌తో తీసేసి మూడు రోజుల తర్వాత మళ్ళీ చూడండి. తిని, మర్నాటి దాకా కక్కకుండా ఉంచుకుంటే వారానికి రెండు మూడుసార్లు అలాగే పెట్టండి. అది కుదుటపడ్డాక సన్నగా తరిగిన పచ్చి రొయ్యకి వెళ్ళొచ్చు, అదీ పెసరగింజంత ముక్క. ఇక్కడ గ్రోసరీలో ఫ్రోజెన్ రొయ్యలు కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదవండి. నీరు నిలవుండడానికి సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ కలిపినవి చాలా ఉంటాయి. రొయ్య తప్ప మరేదీ రాయని ప్యాకెట్టే తీసుకోండి.

ఇప్పుడు చేపల సంగతి. మామూలుగా క్లౌన్ చేపల వల్ల ఎనిమోన్‌కి మేలే. వాటి విసర్జన నాచుకి ఎరువు, రాత్రిపూట అవి కదులుతుంటే ఎనిమోన్ చుట్టూ నీరు ఆడి ఆక్సిజన్ అందుతుంది. కానీ ఒంట్లో సత్తువ లేనప్పుడు ఆ రాపిడిని అది భరించలేదు, విచ్చుకున్నప్పుడల్లా చేపలు వచ్చి దొర్లితే మళ్ళీ ముడుచుకుంటుంది. నోటిదాకా వచ్చిన ముక్కని కూడా లాక్కుపోతాయి. రెండు మూడు వారాలు వాటిని విడిగా ఉంచడం మంచిది. ట్యాంకు గోడకి లోపలివైపు తగిలించే అక్లిమేషన్ బాక్స్ ఒకటి కొని చేపల్ని అందులో పెట్టండి, నీళ్ళు అవే కాబట్టి వాటికేం కాదు. రాళ్ళు కదపకుండా పట్టుకోలేకపోతే మాత్రం వాటి వెంట పడొద్దు. పెద్ద రంధ్రాలున్న ప్లాస్టిక్ పళ్ళ బుట్టని, సబ్బు తగలని దాన్ని, వేడినీళ్ళతో కడిగి ఎనిమోన్ మీద బోర్లించండి. వెలుతురు, నీరు లోపలికి వెళ్తాయి, చేపలు వెళ్ళలేవు. సముద్రంలో ఒసెల్లారిస్ చేపలు ఈ జాతి ఎనిమోన్‌లో ఉండవు, వాటి సహజమైన ఇళ్ళు వేరే మూడు జాతులు. అక్వేరియంలో దీన్నే ఇల్లు చేసుకుంటాయి గానీ, కొన్నాళ్ళు అది లేకపోయినా వాటికి ఏ లోటూ ఉండదు.

పంపుకి గార్డ్ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ రాత్రి నిద్రపోయేలోపు పెట్టండి. చోటు మారే ఎనిమోన్‌కి జబ్బుకన్నా వేవ్‌మేకర్ (నీళ్ళని తిప్పే పంపు) పెద్ద ప్రమాదం. ఫ్యాన్‌లోకి లాక్కుపోయి ముక్కలైతే దాన్ని కాపాడలేం, పైగా ఆ ముక్కల్లో ఉన్న విషం, కుళ్ళు మిగతా ట్యాంకుని కూడా తీసుకుపోతాయి. వేవ్‌మేకర్‌కి స్పాంజ్ గానీ జాలీ గానీ తొడగండి, నీళ్ళు బయటికి పోయే ఓవర్‌ఫ్లో పళ్ళకి జాలీ కట్టండి. స్పాంజ్‌లో చెత్త పేరుకుంటుంది, రెండు రోజులకోసారి కడగాలి.

నీళ్ళ విషయంలో మీరు రాయని రెండు అంకెలు నాకు అన్నిటికన్నా ముఖ్యం: అమ్మోనియా, లవణీయత. అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి, అక్కడ రాజీ లేదు. లవణీయత 35 పీపీటీ (వెయ్యి భాగాల నీళ్ళలో 35 భాగాల ఉప్పు), అంటే స్పెసిఫిక్ గ్రావిటీ 1.026 దగ్గర. దీన్ని ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌తో కొలుస్తుంటే ఆ అంకెని నమ్మొద్దు. వెలుతురు వంగే తీరుతో ఉప్పుని కొలిచే రిఫ్రాక్టోమీటర్ తీసుకుని, దాన్ని 35 పీపీటీ ద్రావణంతో సరిచేసుకుని చూడండి. ఎనిమోన్‌కి మొప్పలు లేవు, రక్తం లేదు, చర్మమే ఊపిరి. బయట నీళ్ళలో ఉప్పు ఎంతుంటే దాని కణాల్లోకీ ఆ తేడా నేరుగా వెళ్తుంది. చేపలకి ఒంట్లో ఉప్పుని అదుపు చేసుకునే ఏర్పాటుంది, దీనికి లేదు. అందుకే చేపలు హుషారుగా ఉన్నాయి కదా, నీళ్ళు బాగానే ఉన్నాయిలే అనుకోవడానికి లేదు.

ఏసీ నడిచే ఇంట్లో, మూతలేని 40 గ్యాలన్ల ట్యాంకు నుంచి రోజుకి అర గ్యాలన్ ఆవిరైపోతుందనుకుందాం. పోయేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. మూడు రోజులు నీళ్ళు పోయడం మర్చిపోతే 35 ఉన్నది 36 దాటుతుంది. నాలుగో రోజు గుర్తొచ్చి గ్యాలన్నర మంచినీళ్ళు ఒక్కసారి పోస్తే దభీమని మళ్ళీ 35కి వస్తుంది. మనకి అది చిన్న తేడా. కణాల్లో నీరు లోపలికీ బయటికీ లాగబడే జీవికి చిన్నది కాదు. వీలైతే ఆవిరైన నీళ్ళని దానంతటదే నింపే ఆటో టాప్ ఆఫ్ పెట్టించండి. లేదా ఉదయం, సాయంత్రం గ్లాసులతో కొంచెం కొంచెం పోయండి. ఇప్పుడు కొలిచి చూస్తే అంకె బాగా తేడాగా ఉందనుకోండి, అప్పుడు కూడా స్పెసిఫిక్ గ్రావిటీని రోజుకి 0.001కి మించి జరపొద్దు.

పోసే నీళ్ళు ఆర్‌ఓడీఐ నీళ్ళే (ఫిల్టర్లతో లవణాలన్నీ తీసేసినవి) కావాలి. మీ ఫ్రిస్కోకి నీళ్ళిచ్చే నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ శుద్ధికి క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) వాడుతుంది, ఏటా మార్చి నెలలో కొన్ని వారాలు దాని బదులు ఫ్రీ క్లోరిన్‌కి మారుతుంది. ఇంట్లో ఆర్‌ఓడీఐ యూనిట్ ఉంటే దాని కార్బన్ బ్లాక్ క్లోరమైన్‌కి పనికొచ్చేదో కాదో చూసుకోండి, కార్బన్ ఎప్పుడు మార్చారో గుర్తుచేసుకోండి. కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపిస్తున్నా కార్బన్ అయిపోయి ఉంటే క్లోరమైన్ దాటి రావచ్చు, ఆ మీటర్ దాన్ని పట్టుకోలేదు. టోటల్ క్లోరిన్ టెస్ట్ స్ట్రిప్‌తో ఒకసారి చూస్తే తేలిపోతుంది.

మిగతా అంకెలు త్వరగా చెప్పేస్తాను. ఉష్ణోగ్రత 77 నుంచి 79 డిగ్రీల ఫారెన్‌హీట్, పగలూ రాత్రీ మధ్య ఒక డిగ్రీ తేడా ఉండొచ్చు. ఆల్కలినిటీ (నీళ్ళ క్షారత) 8 నుంచి 9 డీకేహెచ్ (దాని కొలమానం), కాల్షియం 420 అటూ ఇటూ, మెగ్నీషియం 1300 దగ్గర, పీహెచ్ 8 పైన ఉంటే చాలు. వీటిలో ఏదైనా కాస్త అటూ ఇటూగా ఉంటే దాన్ని దిద్దడానికి సీసాల మీద సీసాలు పోయొద్దు. నిలకడగా ఉన్న 7.8 డీకేహెచ్, రోజుకోలా మారే 9 కన్నా మంచిది.

నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాలని మాత్రం మార్చాలి. జీఎఫ్ఓ లాంటి ఫాస్ఫేట్ తీసే మీడియా ఏదైనా వాడుతుంటే తీసేయండి. నీళ్ళలోని మురికిని నురగతో తీసే స్కిమ్మర్ రాత్రంతా నడుస్తుంటే కొన్ని గంటలు ఆపి చూడండి. చేపలకి ఒక పూట తిండి పెంచండి. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్యకి రెండు మూడు వారాల్లో నెమ్మదిగా రావాలి. గాజు మీద కొంచెం పచ్చగా నాచు పడుతుంది. పడనివ్వండి, గాజు తుడుచుకోవచ్చు.

లెదర్ కోరల్ ఉందన్నారు. అందమైనదే గానీ అది చుట్టుపక్కల జీవుల్ని దూరంగా ఉంచడానికి నీళ్ళలోకి టెర్పీన్లనే రసాయనాలు వదులుతుంది, చిన్న ట్యాంకులో అవి పేరుకుంటాయి. ఒక కప్పు యాక్టివేటెడ్ కార్బన్ బాగా కడిగి సంప్‌లో (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టి) గానీ ఫిల్టర్‌లో గానీ పెట్టి, మూడు వారాలకోసారి మార్చండి. ఆ ట్యాంకు సెకండ్ హ్యాండ్‌దైనా, ఎప్పుడైనా చేపల జబ్బుకి అందులో కాపర్ మందు వేసినా, విషపదార్థాలని పీల్చే పాలీఫిల్టర్ ముక్క ఒకటి కూడా వేయండి. కాపర్ ఉంటే అది నీలంగా మారుతుంది. వెన్నెముక లేని జీవులకి కాపర్ విషం. మీ నత్తలు బాగున్నాయి కాబట్టి నాకు ఆ అనుమానం తక్కువే.

వారానికి 10 శాతం నీళ్ళు మార్చండి, కొత్త నీళ్ళ వేడి, ఉప్పు ట్యాంకుతో సరిపోయాకే. భయపడి ఒకేసారి సగం మార్చేయొద్దు, అమ్మోనియా కనిపిస్తే తప్ప.

ఇవన్నీ చేశాక మీకు మిగిలేది ఓపిక పట్టడం. ఎనిమోన్‌కి బాగుచేసుకునే శక్తి మనం ఊహించేదానికన్నా ఎక్కువ. 1828లో సర్ జాన్ డాలియెల్ అనే ఆయన స్కాట్లండ్‌లోని నార్త్ బెరిక్ తీరం నుంచి ఒక ఎనిమోన్ తెచ్చి గాజు జాడీలో పెట్టుకున్నారు. 1851లో ఆయన పోయాక అది చేతులు మారుతూ 1887 దాకా బతికింది, వందల పిల్లల్ని పెట్టింది. ముద్దుగా దాన్ని గ్రానీ అని పిలుచుకున్నారు. అది చల్లటి నీళ్ళ జాతి, జూజాంథెల్లే అవసరం లేనిది, మీ దానితో పోలిక పూర్తిగా కుదరదు. అప్పుడు పంపులు లేవు, హీటర్లు లేవు, టెస్ట్ కిట్లు లేవు. తాజా సముద్రపు నీళ్ళు తప్పకుండా మార్చడం, కొద్దిగా తిండి పెట్టడం, ఈ రెండే ఏళ్ళ తరబడి ఒకే తీరుగా జరిగాయి. ఎనిమోన్ అడిగేది అంతే. రోజుకో కొత్త ఉపాయంతో ట్యాంకులో చెయ్యి పెట్టకండి. పెట్టాల్సి వస్తే గ్లవ్స్ వేసుకోండి. చేతి లోషన్, శానిటైజర్ దానికి హాని, దాని కుట్టు మీకు మంట.

పాపకి ఒక పని అప్పజెప్పండి. రోజూ ఒకే వేళకి, తెల్ల లైట్‌లో, ఒకే చోట నిలబడి ఫోటో తీయమనండి. రోజూ చూస్తున్న మనకి మార్పు తెలియదు, రెండు వారాల ఫోటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఆ ఫోటోల్లో మొదట నోరు చూడండి. నోరు గట్టిగా మూసుకోవడం అన్నిటికన్నా ముందు కనిపించే మంచి గుర్తు. తర్వాత ముడుచుకునే గంటలు తగ్గుతాయి. రోజుకోసారి ముడుచుకుని, లోపలి మురికి వదిలి, మళ్ళీ విచ్చుకోవడం ఆరోగ్యంగా ఉన్న ఎనిమోన్ కూడా చేసేదే, దానికి కంగారుపడొద్దు. ఆ తర్వాత టెంటకిల్స్ మొదళ్ళ దగ్గర లేత గోధుమ ఛాయ వస్తుంది. ఎదురుచూసే గులాబీ రంగు రాకుండా ఈ మట్టిరంగేమిటని నిరాశపడకండి, నాచు తిరిగొస్తోందని దాని అర్థం. పూర్తి రంగు రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఒకవేళ ఒకరోజు పొద్దున లేచేసరికి నోరు పొడుగ్గా సాగి, మధ్యలో చీలుతున్నట్టు కనిపిస్తే వెంటనే చచ్చిపోతోందనుకోవద్దు. ఈ జాతి రెండుగా చీలి రెండు ఎనిమోన్‌లు అవుతుంది, బాగా బలిసినప్పుడూ చీలుతుంది, ఒత్తిడిలోనూ చీలుతుంది. రెండు ముక్కలూ రాయిని పట్టుకుని ఉంటే వాటి మానాన వదిలేయండి.

నిజంగా చనిపోతే ఎలా తెలుస్తుందో కూడా చెప్పాలి, ఎందుకంటే అప్పుడు ఆలస్యం చేస్తే మిగతావాటికి ప్రమాదం. నోరు పూర్తిగా తెరుచుకుని లోపలి పేగులాంటి భాగం బయటికి తిరగబడుతుంది, అది ఒక రోజుకి పైగా అలాగే ఉండిపోతుంది. పాదం రాయిని వదిలేస్తుంది. టెంటకిల్స్‌లో జిగురు ఉండదు. ఒంటి పొర కరిగి జిగటగా ఊడుతుంది. అన్నిటికన్నా నమ్మకమైనది వాసన. దాని పక్కనుంచి పైపెట్‌తో కాసిని నీళ్ళు తీసి వాసన చూడండి. కుళ్ళిన కంపు కొడితే సందేహం అక్కర్లేదు. గ్లవ్స్ వేసుకుని, నీళ్ళలోనే ప్లాస్టిక్ సంచిలోకి తీసుకుని బయటికి తెచ్చేయండి. మూడోవంతు నీళ్ళు మార్చి, కొత్త కార్బన్ వేసి, రెండు రోజులు అమ్మోనియా చూస్తూ ఉండండి. ఈ గుర్తులు లేనంతకాలం, ఎంత తెల్లగా, ఎంత చిన్నగా కనిపించినా దాన్ని కదపకండి.

యాంటీబయాటిక్ గురించి. సిప్రోఫ్లోక్సాసిన్ వాడి ఎనిమోన్‌లని బతికించినవాళ్ళు ఉన్నారు, అది కట్టుకథ కాదు. అయితే వాళ్ళు వాడేది ఎక్కువగా జెయింట్ కార్పెట్, మాగ్నిఫికా లాంటి జాతులకి. సముద్రం నుంచి పట్టి, సంచుల్లో వేలమైళ్ళు ప్రయాణం చేయించాక బ్యాక్టీరియా సోకి, రోజూ ఉబ్బుతూ వాలిపోతూ ఉండేవాటికి. అదీ విడిగా ఒక హాస్పిటల్ ట్యాంకులో, రోజూ నీళ్ళు మార్చి మళ్ళీ మందు వేస్తూ, వెలుతురుకి ఆ మందు పాడవుతుంది కాబట్టి లైట్లు ఆర్పి చేసే వైద్యం. మీ ఎనిమోన్ లక్షణాలన్నీ లైట్ దెబ్బకీ, ఆకలికీ సరిపోతున్నాయి. లేని ఇన్‌ఫెక్షన్‌కి మందు వేయడానికి దాన్ని రాయి నుంచి ఊడదీసి, కొత్త ట్యాంకులో చీకట్లో పెట్టడం దానికి మరో పెద్ద దెబ్బ. మెయిన్ ట్యాంకులో వేస్తే అమ్మోనియాని శుద్ధి చేసే బ్యాక్టీరియా మీద కూడా దాని ప్రభావం పడొచ్చు. ఇంట్లో ఎవరికో రాసిన మాత్రలు మిగిలాయని వాడడం అసలు చేయకూడని పని. నేను చెప్పినవన్నీ చేశాక కూడా మూడు వారాల తర్వాత రోజూ పూర్తిగా వాలిపోవడం, నోరు తెరుచుకునే ఉండడం తగ్గకపోతే అప్పుడు జలచరాలని చూసే వెట్‌ని అడగండి.

మన ఊళ్ళ నుంచి ఇది చదివేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఇండియాలో రీఫ్ పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, వాటిని పట్టడం, కొనడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. అక్కడ దొరికే ప్రతి షాపు సరుకూ చట్టబద్ధమే అనుకోవద్దు. విశాఖ రాళ్ళ తీరంలో ఆటు వేళ గుంటల్లో ఎనిమోన్‌లు కనిపిస్తాయి, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి, చూసి అక్కడే వదిలేయండి. అమెరికాలో ఉన్నవాళ్ళు కూడా సముద్రం నుంచి పట్టినదాని బదులు ట్యాంకులో చీలి పెరిగిన బబుల్ టిప్ అడిగి కొనుక్కోండి. ఈ జాతి విషయంలో అది సులభంగా దొరుకుతుంది, గట్టిగానూ ఉంటుంది.

చేపల్ని ఎప్పుడు తిరిగి వదలాలని అడుగుతారు. నోరు మూసుకుని, వారానికి రెండుసార్లు తిండి నిలుపుకుని, పగలంతా విచ్చుకుని ఉండడం వరసగా పది రోజులు చూశాక వదలండి. ముందు చిన్న చేపని ఒక్కదాన్నే, సాయంత్రం లైట్లు తగ్గే వేళకి. రెండు రోజులు ఎనిమోన్ తట్టుకుంటే పెద్దదాన్ని వదలండి, ముడుచుకుంటే మళ్ళీ బాక్స్‌లోకి. ఆ సమయానికి టెంటకిల్స్ చివర్లలో బుడగలు రాకుండా సన్నగా, పొడుగ్గా ఉండొచ్చు. పేరులో బుడగ ఉన్నా చాలా ట్యాంకుల్లో ఇవి బుడగల్లేకుండానే ఏళ్ళ తరబడి బతుకుతాయి, దానికోసం మళ్ళీ లైట్ మార్చొద్దు.